అమ్మమ్మ చేత్తో రాసుకున్న 'సెక్రటరీ': తెలుగు ప్రేమ నవలల మీద నా అభిప్రాయాలు

నమస్కారం. నా చేతిలో ఉన్న ఈ పుస్తకాన్ని కెమెరాకు కొంచెం దగ్గరగా పెడుతున్నాను, గమనించండి. దీనికి ముఖచిత్రం లేదు, ప్రచురణకర్త పేరు లేదు. నీలం గుడ్డ అతికించిన దళసరి అట్ట, వీపున దారపు కుట్లు, లోపల అక్కడక్కడ కథకు సంబంధం లేని ప్రకటనలు సగానికి తెగి కనిపిస్తాయి. యద్దనపూడి సులోచనారాణి గారి 'సెక్రటరీ' జ్యోతి మాసపత్రికలో ధారావాహికగా వస్తున్న రోజుల్లో మా అమ్మమ్మ నెలనెలా ఆ పేజీలను జాగ్రత్తగా విప్పి దాచుకుని, నవల పూర్తయ్యాక బైండు చేయించుకున్న ప్రతి ఇది. మధ్యలో ఒక నెల సంచిక ఆమెకు దొరకలేదు. పక్కింటివాళ్ళ పత్రికను ఒక్క రాత్రికి అడిగి తెచ్చుకుని, ఆ నెల భాగాన్ని రూళ్ళ కాగితాల మీద సిరాతో రాసుకుని, మిగిలిన పేజీలతో పాటే కుట్టించింది. ఇవిగో, ఆ కాగితాలు ఇవే.

ఈ చేతిరాత పేజీలను నేను అచ్చు పుస్తకం పక్కన పెట్టుకుని వరుసగా పోల్చి చూశాను. నవలా నాయిక జయంతి మాట్లాడిన మాటలు దాదాపు అక్షరం పోకుండా ఉన్నాయి. నాయకుడు రాజశేఖరం రూపాన్నీ, దర్జానూ వర్ణించిన వాక్యాలు వచ్చేసరికి మాత్రం అమ్మమ్మ వాటిని కుదించి, ఒక్కో చోట పూర్తిగా వదిలేసి ముందుకు వెళ్ళిపోయింది. తెల్లవారేలోగా పత్రిక తిరిగి ఇచ్చేయాలి కనుక ఏది ఉంచాలో, ఏది వదలాలో ఆమె అప్పటికప్పుడు తేల్చుకోవలసి వచ్చింది, ఆమె జయంతిని ఉంచుకుంది. తెలుగు ప్రేమ నవలల గురించి నేను చెప్పదలచుకున్నదంతా ఈ నాలుగు కాగితాల్లోనే ఉందని నాకు అనిపిస్తుంది.

ఈ నవలల మీద వచ్చే విమర్శ మీకు తెలిసిందే. ఆరడుగుల అందగాడు, పడవలాంటి కారు, మేడ, నౌకర్లు, అతని కోసం కలలు కనే మధ్యతరగతి అమ్మాయి: ఇంతకు మించి వాటిలో ఏముంది అని అడుగుతారు. 'నవలా నాయకుడు' అన్న మాటే మన వాడుకలో ఒక ఎత్తిపొడుపుగా స్థిరపడిపోయింది. ఆ విమర్శలో నిజం లేదని నేను అనను. అయితే అది నాయకుడిని మాత్రమే చూసి చేసిన విమర్శ. ఆ నవలలను నిజంగా చదివినవాళ్ళు, పేజీలు విప్పి దాచుకున్నవాళ్ళు, వంట ముగించి మధ్యాహ్నం పూట వసారాలో కూర్చుని ఒకరు చదువుతుంటే మరో ఇద్దరు విన్నవాళ్ళు, వాళ్ళంతా నాయికను చూశారు.

జయంతి ఎవరు? బామ్మ తప్ప పెద్దదిక్కు లేని అమ్మాయి, ఇల్లు గడవాలంటే ఉద్యోగం చేయక తప్పనిది. సంపన్నుల ఇళ్ళ స్త్రీలు నడిపే వనితా విహార్‌లో మొదట పనికి చేరుతుంది, తర్వాత రాజశేఖరానికి సెక్రటరీగా వెళుతుంది. అతని గురించి ఆమె వినే మాటలేవీ మంచివి కావు. ఆ మాటల మధ్య, ఆ జీతం అవసరం మధ్య, తన గౌరవాన్ని కాపాడుకుంటూ ఆమె ఎలా నిలబడిందన్నదే నవలకు ప్రాణం. 1960ల్లో టైపు, షార్ట్‌హ్యాండు పరీక్షలు రాసి ఆఫీసుల్లో అడుగుపెడుతున్న మొదటి తరం అమ్మాయిలకు ఇది కల కాదు, రేపు పొద్దున్నే ఎదురుకాబోయే సంగతి. పై అధికారి మంచివాడో కాదో తెలియదు, నలుగురూ ఏమంటారో తెలియదు, ఉద్యోగం వదులుకుంటే ఇంట్లో పొయ్యి వెలగదు. ఆ భయాన్ని ఒక ప్రేమకథ నడిమధ్యలో పెట్టి, నాయిక చేత తల ఎత్తి మాట్లాడించిన రచయిత్రి వయసు అప్పటికి పాతికకు కొంచెం అటూ ఇటూ. కృష్ణా జిల్లా కాజ గ్రామంలో 1940లో పుట్టిన ఆమె 2018లో కాలిఫోర్నియాలో కన్నుమూసే వరకూ తెలుగు పాఠకులు ఆమెను నవలా రాణి అనే పిలుచుకున్నారు. ఆ పిలుపులో అతిశయోక్తి ఉందని నేను అనుకోను.

ఇక ఈ నవలలో నాకు నచ్చని దాన్ని కూడా అంతే స్పష్టంగా చెప్పాలి. జయంతికీ రాజశేఖరానికీ మధ్య ఉన్న అపార్థం చాలా పేజీల పాటు కేవలం ఎవరూ నోరు విప్పకపోవడం వల్లనే కొనసాగుతుంది. జయంతి మౌనానికి కారణం ఉంది. ఆమె పేదది, ఉద్యోగి, తొందరపడి ఒక మాట అంటే పోగొట్టుకునేది ఆమే. రాజశేఖరం మౌనానికి అలాంటి కారణం ఏదీ లేదు. డబ్బు, హోదా, చదువు అన్నీ ఉన్న మనిషి తన మీద వచ్చిన నిందకు ఒక్క మాటతో జవాబు చెప్పగలిగి కూడా చెప్పకుండా ఉంటే, రచయిత్రి దాన్ని అతని హుందాతనంగా చూపిస్తారు. మగవాడి మూగతనాన్ని గాంభీర్యంగా గౌరవించే ఈ అలవాటు తర్వాత వచ్చిన ఎన్నో నవలలకు అంటుకుంది. నిజ జీవితంలో కూడా ఎంతోమంది ఆడవాళ్ళు భర్తల మౌనానికి అర్థాలు వెతుక్కుంటూ సంవత్సరాలు గడిపారు. అందుకే ఈ లోపాన్ని నేను తేలికగా తీసుకోలేను.

1976లో కె.ఎస్.ప్రకాశరావు గారి దర్శకత్వంలో ఈ నవల సినిమాగా వచ్చింది. అక్కినేని నాగేశ్వరరావు, వాణిశ్రీ నటించారు. సినిమా చూసి నవల చదివానని అనుకునేవాళ్ళకు నా మనవి ఒక్కటే: నవలలో జయంతి మనసులో జరిగే వాదన అంతా తెర మీదకు రాదు, ఆ వాదన లేని జయంతి సగం జయంతి మాత్రమే.

ఇక్కడ కోడూరి కౌసల్యాదేవి గారి 'చక్రభ్రమణం' పేరు కూడా ఎత్తాలి. ఆదుర్తి సుబ్బారావు గారు 1964లో దాన్ని 'డాక్టర్ చక్రవర్తి'గా తీశారు, ఉత్తమ చిత్రంగా తొలి బంగారు నంది అందుకున్నది ఆ సినిమాయే. మామూలుగా ప్రేమ నవల పెళ్ళితో ఆగిపోతుంది. ఇది మాత్రం పెళ్ళయ్యాక అనుమానం ఇంట్లోకి ఎలా అడుగుపెడుతుందో చెబుతుంది. ఒక స్త్రీని ఒక పురుషుడు చెల్లెలిగా అభిమానించడాన్ని సంసారాలు ఎంతవరకు తట్టుకుంటాయన్న ప్రశ్న అందులో ఉంది. దాని గురించి విడిగా మాట్లాడాలి కనుక ఈ రోజు ఇంతటితో వదిలేస్తున్నాను.

నాకు అన్నిటికంటే ఇష్టమైన తెలుగు ప్రేమ నవల 'మీనా'. ఇది కూడా యద్దనపూడి గారిదే, రెండు భాగాలు. 1973లో విజయనిర్మల గారు దీన్ని సినిమాగా తీశారు. 'సెక్రటరీ'లో ప్రేమ కింది నుంచి పైకి చూస్తుంది, 'మీనా'లో పై నుంచి నేల మీదకు దిగుతుంది. పట్నంలో ఐశ్వర్యం మధ్య, తల్లి గీసిన గీతలో పెరిగిన అమ్మాయి, తండ్రి తరఫు బంధువులున్న పల్లెటూరికి వెళుతుంది. అక్కడ బావ కృష్ణ ఉంటాడు. అతను పొలం చేసుకునే మనిషి. అతని దగ్గర ఆమెను మెప్పించే వస్తువు ఒక్కటి కూడా లేదు.

ఈ అమరికే నవలను నిలబెట్టింది. నాయకుడి చేతిలో కారు, మేడ లేనప్పుడు రచయిత్రి అతన్ని ప్రేమించదగినవాడిగా చూపించడానికి అతని నడవడిని తప్ప దేన్నీ ఆసరా చేసుకోలేదు. అతను ఇంట్లోవాళ్ళతో ఎలా మసులుతాడు, పనిని ఎలా చూస్తాడు, ఈ పట్నపు మరదలి అమాయకత్వాన్ని చూసి ఎక్కడ నవ్వుతాడు, ఎక్కడ ఊరుకుంటాడు అన్నవి మీనాతో పాటే మనమూ గమనిస్తాం. ఆమె కూడా ఒక్క చూపుతో ప్రేమలో పడదు. తన ఇంట్లో తనకు ఏమి కరువైందో, ఈ ఇంట్లో తనకు ఏమి దొరుకుతోందో కొద్దికొద్దిగా తెలుసుకుంటుంది. మన భాషలో వరసైన బావ అనగానే సగం కథ ముందే అయిపోయినట్టు అనిపిస్తుంది. కానీ ఆ వరసను మేనరికపు హక్కుగా వాడుకోకుండా, ఇద్దరు మనుషులు నెమ్మదిగా ఒకరినొకరు తెలుసుకోవడానికి దొరికిన చనువుగా రచయిత్రి వాడుకున్నారు. ఆ నేర్పు నాకు ఎన్నిసార్లు చదివినా కొత్తగానే ఉంటుంది.

మీనా తల్లి పాత్ర మీద మాత్రం నాకు అసంతృప్తి ఉంది. పట్నంలో డబ్బున్న స్త్రీ, భర్త మీద మాట చెల్లించుకునే స్త్రీ అయితే చాలు, ఆమె కఠినురాలై తీరాలన్నట్టు ఆ కాలపు నవలలు రాసేశాయి. కూతురికి ఇంత మనసు ఇచ్చిన రచయిత్రి తల్లికి కూడా ఒక గతాన్ని, ఒక గాయాన్ని ఇంకొంచెం ఓపికగా ఇచ్చి ఉంటే ఈ నవల ఇంకో మెట్టు ఎక్కి ఉండేది.

యండమూరి వీరేంద్రనాథ్ గారి 'వెన్నెల్లో ఆడపిల్ల' వేరే తరహా. రేవంత్ చదరంగం ఆటగాడు. ముక్కూమొహం తెలియని ఒక అమ్మాయి అతనికి ఫోన్ చేస్తుంది, తానెవరో కనుక్కోమని పందెం వేస్తుంది. అక్కడి నుంచి కథంతా గొంతు మీద, చిక్కుముడుల మీద, ఎదురుచూపుల మీద నడుస్తుంది. చేసినవాళ్ళ నంబరు తెర మీద కనబడని ఆ ఫోన్ల కాలం తెలియనివాళ్ళకు ఆ ఎదురుచూపు ఎంత బరువైనదో చెప్పడం కష్టం. ఫోను మోగినప్పుడల్లా అది ఆమే కావచ్చు, కాకపోవచ్చు, తీస్తే గాని తెలియదు. ప్రేమను ఇద్దరి తెలివి మధ్య జరిగే ఆటగా రాయడం అప్పటి పాఠకులకు కొత్త. ఆ కొత్తదనం ఇప్పటికీ తగ్గలేదు. 1995లో సునీల్ కుమార్ దేశాయి గారు దీన్ని కన్నడంలో 'బెళదింగళ బాలె'గా తీశారు, అనంత్ నాగ్ నాయకుడు.

ఇక ముగింపు సంగతి చెబుతున్నాను. నవల చదవనివాళ్ళు ఒక్క నిమిషం ముందుకు జరపండి. ఆ అమ్మాయి చనిపోతుంది. మొదటిసారి చదివినప్పుడు నేనూ కన్నీళ్ళు పెట్టుకున్నాను, ఆ కన్నీళ్ళను ఇప్పుడు కాదనను. రెండవసారి చదివినప్పుడు మాత్రం వేరే బాధ కలిగింది. పందెం వేసింది ఆమె, ఆటకు నియమాలు పెట్టింది ఆమె, అంత పెద్ద ఆటగాడికి ప్రతి ఎత్తులోనూ దీటుగా నిలిచింది ఆమె. అంతటి మనిషి చివరికి నాయకుడి దుఃఖానికి కారణంగా మాత్రమే మిగిలిపోయింది. ఆమె వైపు నుంచి ఆ ఫోనుకు ఎంత ధైర్యం కావలసి వచ్చిందో, తన రోజులు లెక్కలో ఉన్నాయని తెలిసి కూడా ఆ ఆట ఎందుకు మొదలుపెట్టాలనిపించిందో చెప్పే పేజీలు ఇంకా ఎన్నో ఉండాలని నాకు అనిపించింది. జయంతి మనసులో మనం ఇల్లు కట్టుకుని కూర్చుంటాం, ఈ అమ్మాయి మనసు గడపలోనే ఆగిపోతాం.

ఇవి కాలం చెల్లిన కథలని మా ఇంట్లో చిన్నవాళ్ళు నాతో అంటారు. కారు వర్ణనలు, మేడల వర్ణనలు కాలం చెల్లినవే, ఒప్పుకుంటాను. జీతం కోసం వెళ్ళిన చోట మర్యాద దక్కుతుందా, దక్కనప్పుడు ఆ ఉద్యోగం వదిలి రాగలనా అన్న ప్రశ్న ఇప్పటికీ ఆడపిల్లలు అడుగుతూనే ఉన్నారు. ఈ మధ్య వస్తున్న ప్రేమకథల్లో కూడా నేను ముందుగా వెతికేది దాన్నే: ఈ అమ్మాయి కాదని అనగలదా, అంటే కథ ఆ మాటను గౌరవిస్తుందా? నాయిక వద్దంటున్నా వెంటపడి సాధించుకోవడమే ప్రేమ అని చెప్పే పుస్తకాన్ని, అది ఎంత బాగా అమ్ముడైనా, నేను సగంలో మూసేస్తాను.

ఈ నవలలు ఎప్పుడూ చదవనివాళ్ళు దేనితో మొదలుపెట్టాలని అడిగితే నేను 'మీనా' పేరే చెబుతాను. 'సెక్రటరీ' ఆ తర్వాత చదవండి. అప్పుడు రాజశేఖరం హంగును దాటి జయంతి దగ్గరకు వెళ్ళడం మీకు సులువవుతుంది. అయితే 'మీనా' రెండు భాగాలనూ ఒకేసారి తెచ్చుకోండి. మా అమ్మమ్మ మొదటి భాగాన్ని అద్దె పుస్తకాల కొట్టులో తీసుకుని, రెండవ భాగం వేరెవరో పట్టుకెళ్ళడం వల్ల మూడు వారాల పాటు రోజూ సాయంత్రం ఆ కొట్టు దాకా నడిచి వెళ్ళి అడిగి వచ్చేదట.