నలుగురికీ మనవలమే

సభకు నమస్కారం.

తల్లిని కన్న తల్లిని అమ్మమ్మ అనీ, తండ్రిని కన్న తల్లిని నాయనమ్మ అనీ మనం వేరువేరుగా పిలుస్తాం. తాతల దగ్గరికి వచ్చేసరికి వాడుకలో ఆ తేడా పోయి ఇద్దరూ తాతయ్యలే అవుతారు. తల్లివైపు వారూ తండ్రివైపు వారూ భాషలోనో మతంలోనో దేశంలోనో వేరైన కుటుంబాలలో పుట్టిన నావంటి వారికి ఈ రెండు పద్ధతులూ కావాలి. ఎవరు ఎటువైపు వారో తెలియాలి, అందరూ మనవారేనన్నదీ తెలియాలి.

ఇటువంటి ఇళ్ల పిల్లలను లోకం ముందుగా అడిగేది వాటాల లెక్క: సగం ఎవరు, పావు ఎవరు అని. ఆ లెక్క శరీరం విషయంలోనే సరిగా నిలవదు. తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం జన్యువులు వస్తాయన్నది నిజమే గాని, తల్లిలో అండం ఏర్పడేటప్పుడు ఆమెకు తన తల్లిదండ్రుల నుంచి సంక్రమించిన క్రోమోజోములు తమలో తాము ముక్కలు మార్చుకుంటాయి కనుక, మనవరాలిలో అమ్మమ్మ పాలు పావుకు కొంత మించి, ఆ మేరకు తాతయ్య పాలు తగ్గవచ్చు. తోడబుట్టిన వారిలో కూడా ఈ పాళ్లు ఒక్కలా ఉండవు. కణాలకు శక్తినిచ్చే భాగాలైన మైటోకాండ్రియాలోని డీఎన్ఏ తల్లి ద్వారానే వస్తుంది కాబట్టి అమ్మమ్మది మనకు అందుతుంది, నాయనమ్మది అందదు. అయినా నాయనమ్మ ఒడిలో పెరిగిన బిడ్డకు ఆమె ఉచ్చారణ, ఆమె భయాలు, ఆమె ప్రార్థించే తీరు అబ్బుతాయి. వాటిని ఏ పరీక్షా కొలవలేదు.

ప్రభుత్వ పత్రాలు ఈ సంగతిని గుర్తించడానికి చాలా కాలం పట్టింది. అమెరికా జనగణనలో ఒకటికి మించిన జాతులను ఎంచుకునే వీలు 2000లో గాని రాలేదు. ఆ ఏడాది సుమారు 68 లక్షల మంది, అంటే జనాభాలో 2.4 శాతం, ఆ వీలును వాడుకున్నారు. అంతకుముందు వారంతా తమ పెద్దలలో కొందరిని పత్రంలో రాయకుండా వదిలివేయవలసి వచ్చేదని తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధ కలుగుతుంది.

వలస వచ్చిన కుటుంబాలను పరిశీలించిన చరిత్రకారుడు మార్కస్ లీ హాన్సెన్, కొడుకు మరచిపోవాలనుకున్న దానిని మనవడు గుర్తుంచుకోవాలని కోరుకుంటాడని 1938లో అచ్చయిన తన ప్రసంగంలో అన్నాడు. ఇది అన్ని ఇళ్లలో జరుగుతుందని నేను నమ్మను. మనవడికి కోరిక పుట్టేనాటికి చెప్పగలవారు మిగిలి ఉండకపోవచ్చు, ఉన్నా ఇద్దరికీ కలిసిన భాష లేకపోవచ్చు. న్యూజిలాండ్ మూలవాసులైన మావోరీలు ఈ ప్రమాదాన్ని పసిగట్టి 1982లో కోహాంగా రియో, అంటే భాషా గూళ్లు, మొదలుపెట్టారు. నడి తరంలో చాలామందికి భాష జారిపోయింది కనుక, అది బాగా వచ్చిన వృద్ధులనే పసిపిల్లల మధ్య కూర్చోబెట్టారు. తల్లిదండ్రులను దాటి తాతల తరం నేరుగా మనవల తరానికి అందించిన భాష అది. 1987లో మావోరీకి అధికార భాష హోదా వచ్చింది.

మన ఇళ్లలో అంత పెద్ద ఏర్పాటు అక్కరలేదు, అడగడం తెలిస్తే చాలు. అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయ పరిశోధకులు మార్షల్ డ్యూక్, రాబిన్ ఫివుష్ కుటుంబ చరిత్ర మీద 20 ప్రశ్నలు తయారుచేసి పిల్లలను అడిగినప్పుడు, ఎక్కువ తెలిసిన పిల్లలలో ఆత్మగౌరవం కూడా ఎక్కువగా కనిపించింది. అయితే ఆ జవాబులు బట్టీ పట్టిస్తే ఫలితం ఉండదనీ, పెద్దలు పిల్లలతో కూర్చొని మాట్లాడే అలవాటులోనే బలం ఉందనీ వారే స్పష్టం చేశారు.

ఏమి అడగాలన్న దాని మీద నాకొక అభిప్రాయం ఉంది. మన మూలం ఏమిటని అడిగితే పెద్దలు వంశావళి చెబుతారు, లేదా మౌనం వహిస్తారు. పెళ్లి కోసం పుట్టింటి వారిని వదులుకున్నవారు, పేరు మార్చుకున్నవారు, మతం దాచుకొని బతికినవారు ఆ ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పలేరు, చెప్పి తీరాలని పట్టుబట్టే హక్కు మనకు లేదు. అందుకు బదులు చిన్న విషయాలు అడగాలి. ఈ ఇంటికి వచ్చిన కొత్తలో ఏ మాట అర్థం కాలేదు? ఏది మానుకున్నారు, ఎవరికీ తెలియకుండా ఏది నిలుపుకున్నారు? ఇలా అడిగితే, రెండు సంస్కృతులు కలవడం అన్నది ఒక్కొక్క రోజు ఒక మనిషి తీసుకున్న నిర్ణయంగా, ఒక్కొక్కసారి ఒంటరిగా భరించిన నష్టంగా కళ్లకు కడుతుంది.

మా నాయనమ్మ అరవై ఏళ్లు మెట్టినింటి భాషే మాట్లాడింది. అయితే డబ్బు లెక్కపెట్టేటప్పుడు ఆమె పెదవులు పుట్టింటి భాషలో కదిలేవి. పక్కనే కూర్చొని ఎన్నోసార్లు విన్నాను గాని, నేర్పమని ఎప్పుడూ అడగలేదు. ఆ అంకెలు నాకు ఏడు దాకానే వచ్చు.