ఫైర్ డోర్ తనంతట తానే మూసుకుంటోందా?

నమస్కారం. అపార్ట్‌మెంట్లు, ఆఫీసులు, హాస్టళ్ల మెయింటెనెన్స్ చూసేవాళ్ల కోసం ఈ వీడియో. లిఫ్టు ఆగిపోతే ఫోన్ల మీద ఫోన్లు వస్తాయి. మెట్ల దగ్గర ఫైర్ డోర్, అంటే మంటనూ పొగనూ కాసేపు ఆపేలా చేసిన తలుపు, సరిగ్గా పడటం లేదని మాత్రం ఎవరూ ఫోన్ చేయరు. అందుకే దాన్ని మనమే వెళ్లి చూసుకోవాలి.

2022 జనవరి 9న న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో, 19 అంతస్తుల అపార్ట్‌మెంట్‌లో ఒక ఎలక్ట్రిక్ హీటర్ వల్ల మంటలు లేచాయి. మంట దాదాపుగా ఆ ఫ్లాట్‌లోనూ దాని బయటి నడవాలోనే ఆగింది. అయినా 17 మంది చనిపోయారు. వాళ్లలో 8 మంది పిల్లలు. ప్రాణాలు తీసింది పొగ. తనంతట తానే మూసుకోవాల్సిన ఆ ఫ్లాట్ తలుపు తెరిచే ఉండిపోయింది. పైన 15వ అంతస్తులో మెట్ల తలుపూ అంతే. జనం దిగి బయటపడాల్సిన దారిలోకే పొగ ఎక్కింది.

కాబట్టి ఏ ఫైర్ డోర్ దగ్గరికి వెళ్లినా ముందు చేయాల్సిన పని ఒకటే. తలుపును పూర్తిగా తెరిచి వదిలేయండి. చేయి వేయకుండా మూసుకుని, గడియ పడిందా? సరే. ఇప్పుడు జానెడు మాత్రమే తెరిచి వదలండి. చాలా తలుపులు ఇక్కడే దొరికిపోతాయి. మొదటిసారి ఊపు మీద మూసుకున్న తలుపు, ఈసారి ఫ్రేమ్ దాకా వచ్చి గడియ పడకుండా ఆగిపోతుంది. చూడటానికి మూసినట్టే ఉంటుంది. మంట వేడికి గదిలో ఒత్తిడి పెరిగితే అలాంటి తలుపు తెరుచుకుంటుంది.

ఎందుకు ఆగింది? తలుపు పైన క్లోజర్ చూడండి, అంటే తలుపును తనంతట తానే మూసే పరికరం. దాని కింద తలుపు మీద నూనె చారలు, వాటికి దుమ్ము అంటుకుని నల్లటి మరక కనిపిస్తే లోపల సీలు పోయినట్టే. ఇక స్క్రూలు తిప్పి లాభం లేదు, క్లోజర్ మార్చాల్సిందే. నూనె కారకపోతే, గడియ పడే దశలో వేగాన్ని సరిచేసే స్క్రూ చాలా క్లోజర్లకు విడిగా ఉంటుంది, దాన్ని కొద్దికొద్దిగా తిప్పి చూడండి. తలుపు ధడేల్‌మని పడుతోందని ఎవరైనా గొడవ చేసినా ఇదే మందు. క్లోజర్‌ను ఫ్రేమ్‌కు కలిపే కడ్డీని ఊడదీయడం పరిష్కారం కాదు, అది చాలా ప్రమాదం. మడతబందుల స్క్రూలు వదులైనా తలుపు కుంగి నేలకు రాసుకుంటుంది.

తర్వాత సందు. పక్కలా పైనా తలుపుకీ ఫ్రేమ్‌కీ మధ్య సుమారు 3 మిల్లీమీటర్లు ఉండాలి. ఆ అంచులో గాడిలో కూర్చున్న సన్నటి పట్టీ కనిపిస్తుంది. వేడి తగిలితే అది ఉబ్బి సందును పూడ్చేస్తుంది. కానీ మంట ఇంకా దూరంగా ఉండి, చల్లటి పొగ వస్తున్నప్పుడు అది ఉబ్బదు. ఆ పొగను ఆపేది పక్కనే ఉండే బ్రష్ లేదా రబ్బరు సీల్. పెయింటర్లు రంగు పూసి గట్టిపరిచేది సరిగ్గా దాన్నే. రంగులు వేయించే ముందు వాళ్లకు చూపించి చెప్పండి.

గాలి కోసమనో, సామాను మోయడానికనో తలుపుకి ఇటుక అడ్డం పెడతారు. తీసేస్తే మళ్లీ పెడతారు, ఎందుకంటే వాళ్ల అవసరం నిజమే. రోజంతా రాకపోకలుండే తలుపైతే ఫైర్ అలారం మోగగానే వదిలేసే మాగ్నెట్ హోల్డర్ పెట్టించండి. అదే అసలు పరిష్కారమని నా నమ్మకం.

ఎన్నాళ్లకోసారి చూడాలి? ఇంగ్లండ్‌లో 11 మీటర్లు దాటిన నివాస భవనాల్లో ఉమ్మడి దారుల ఫైర్ డోర్లను 3 నెలలకోసారి చూడాలని 2022లో నిబంధన తెచ్చారు. ఫ్లాట్ల ముఖద్వారాలకు ఏడాదికోసారి. మీ దగ్గర చట్టం ఇంకా ఎక్కువ అడిగితే అదే పాటించండి. ఏమీ అడగకపోయినా మూడు నెలలు మంచి లెక్క. జనం ఎక్కువ తిరిగే మెట్ల తలుపులకు నెలకోసారైనా ఆ జానెడు పరీక్ష చేయండి.

ప్రతి తలుపుకీ ఒక నంబరు ఇచ్చి, లోపాన్ని ఫొటోతో సహా రాసిపెట్టండి. తాళం మార్చినా, ఇంటర్నెట్ కేబుల్ కోసం ఫ్రేమ్ పక్కన గోడకు కన్నం వేసినా, ఆ పని చేసినవాళ్లు వెళ్లకముందే వచ్చి చూడండి. కన్నాన్ని ఫైర్ రేటింగ్ ఉన్న సీలెంట్‌తోనే పూడ్పించాకే బిల్లు మీద సంతకం పెట్టండి.