తల్లి తపస్కాలం: ఇంటికి సరిపడే నియమం

ప్రియమైన తల్లులారా, అక్కచెల్లెళ్ళారా,

పాస్కా (ఈస్టర్) పండుగకు ముందు వచ్చే తపస్కాలం మొదలయ్యే విభూది బుధవారం పూజలో మత్తయి సువిశేషం ఆరో అధ్యాయం చదువుతారు. దానధర్మాలు, ప్రార్థన, ఉపవాసం, ఈ మూడూ నలుగురి కంట పడకుండా చేయమన్నాడు ప్రభువు. గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని ప్రార్థించమన్నాడు. పసిబిడ్డ ఉన్న ఇంట్లో ఆ తలుపు వేసుకోవడమే కష్టం. ఐదు నిమిషాలు కళ్ళు మూసుకునేలోగా ఎవరో ఒకరు "అమ్మా" అంటారు. అయినా చాలామంది తల్లులు మఠంలో ఉండేవారి దినచర్యను చూసి తమకు నియమాలు పెట్టుకుంటారు. రోజూ పూజ, రోజూ జపమాల యాభై మూడు పూసలూ, వారానికి మూడు ఉపవాసాలు, దాంతోపాటు కాఫీ మానడం, టీవీ మానడం. రెండు వారాలు లాగి మూడో వారంలో అన్నీ ఒకేసారి వదిలేస్తారు. వదిలేశామన్న బాధ పాస్కా పండుగ దాకా వెంటాడుతుంది.

శ్రీసభ (కథోలిక సంఘం) నిజంగా అడిగేది ఎంతో ముందు తెలుసుకోండి. దాన్ని పూర్తిగా పాటించండి. ఆ పైన కలుపుకునేది చిన్నదై ఉండాలి, ఇంటి పనివేళల్లో ఇమిడేదై ఉండాలి. ఈ సాయంత్రం నేను చెప్పదలచింది ఇదే.

విభూది బుధవారం నుంచి పాస్కా ముందురోజైన పవిత్ర శనివారం దాకా లెక్కపెడితే 46 రోజులు. ప్రభువు దినాలైన ఆరు ఆదివారాలు తీసేస్తే 40. ఈ 40 రోజుల్లో శ్రీసభ చట్టప్రకారం ఉపవాసం తప్పనిసరిగా ఉండాల్సినవి రెండే రోజులు: విభూది బుధవారం, పవిత్ర శుక్రవారం (గుడ్ ఫ్రైడే). ఆ రెండు రోజులూ, ఏడాది పొడవునా శుక్రవారాల్లోనూ మాంసం మానాలి. ఉపవాసం 18 ఏళ్ళు నిండినవారికి మొదలై 59 నిండేదాకా. మాంసం మానే నియమం 14 నిండినవారి నుంచి జీవితాంతం. ఉపవాసం అంటే రోజంతా పస్తు కాదు. కడుపునిండా ఒక్క భోజనం చేయవచ్చు. మిగతా రెండు పూటలూ కొద్దిగా తీసుకోవచ్చు, ఆ రెండూ కలిపినా ఒక పూర్తి భోజనం అంత కాకూడదు. నీళ్ళు, మందులు ఉపవాసాన్ని చెడగొట్టవు. మాంసం మానడమంటే గుడ్లు, పాలు, చేపలు మానడం కాదు. 1966లో ఆరవ పౌలు పోపుగారు సవరించిన నియమాలే చాలావరకు 1983 నాటి శ్రీసభ చట్టంలోకీ వచ్చాయి. మాంసం మానడానికి బదులు వేరే తపోక్రియ చేయడానికి కొన్ని దేశాల పీఠాధిపతుల (బిషప్పుల) సమాఖ్యలు అనుమతి ఇచ్చాయి కాబట్టి మీ చోట ఏ నియమం ఉందో విచారణ గురువుల్ని (మీ గుడి ఫాదర్ గారిని) అడిగి తెలుసుకోండి.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, జబ్బుతో ఉన్నవారు ఉపవాసం ఉండనక్కర్లేదు. ఈ మాట గట్టిగా చెబుతున్నాను. ఎందుకంటే సరిగ్గా వీళ్ళే మొండిగా ఉపవాసం పట్టేది. పాలు తాగే బిడ్డ తల్లి భోజనం మీదే బతుకుతుంది. ఆ భోజనం మానడం తల్లి ఒక్కతే చేసే త్యాగం కాదు, బిడ్డ చేత కూడా చేయించినట్టు. అలాంటి తల్లికి మాట అదుపులో పెట్టుకోవడమూ, రాత్రి మూడోసారి లేచినప్పుడు విసుక్కోకపోవడమూ చాలినంత తపస్సు.

ఉపవాసం ఉండగలిగినవారికి ఒక ఆచరణాత్మకమైన మాట. ఆ ఒక్క పూర్తి భోజనం ఏ పూట తినాలో చట్టం చెప్పలేదు. చాలామంది దాన్ని రాత్రికి దాచుకుంటారు. దాంతో పిల్లలు బడి నుంచి వచ్చి, హోంవర్కు, స్నానాలు, గొడవలు అన్నీ ఒకేసారి మీద పడే వేళకు తల్లి ఒంట్లో సత్తువ ఉండదు. చిన్న తప్పుకే చెయ్యెత్తుతుంది. పూర్తి భోజనం మధ్యాహ్నం చేసి, సాయంత్రం కొద్దిగా తింటే ఆ గంట గడుస్తుంది. అలాగే రోజుకు నాలుగుసార్లు కాఫీయో టీయో తాగేవారు విభూది బుధవారం నాడు ఉన్నట్టుండి మానేస్తే తలనొప్పి ఖాయం. మానాలనుకుంటే వారం ముందు నుంచే ఒక్కో కప్పు తగ్గించుకుంటూ రండి. ఇక బరువు తగ్గడం కోసం చేసే ఉపవాసాన్ని తపస్కాలం ఖాతాలో వేయకండి, రెండూ వేరు.

ఈ విషయంలో పునీత మోనికమ్మ మనకు మంచి గురువు. కొడుకు అగుస్తీను కోసం ఏడ్చిన తల్లిగానే ఆమెను తలుచుకుంటాం. ఉపవాసం గురించి ఆమెకు వచ్చిన సందేహం సంగతి చాలామందికి తెలియదు. ఆఫ్రికా నుంచి మిలాను చేరాక అక్కడివాళ్ళు శనివారం ఉపవాసం ఉండకపోవడం చూసి, తాను ఏం చేయాలో తోచక తల్లడిల్లింది. అగుస్తీను ఆమె తరఫున మిలాను పీఠాధిపతి అంబ్రోసును అడిగాడు. నేను రోములో ఉంటే శనివారం ఉపవాసం ఉంటాను, ఇక్కడ ఉంటే ఉండను, ఏ ఊరి సంఘంలోకి వెళితే దాని పద్ధతి పాటించు అన్నాడాయన. ఆమె మారు మాట్లాడకుండా ఒప్పుకుంది. విశ్వాసం కోసం ప్రాణాలిచ్చిన వేదసాక్షుల సమాధుల దగ్గరికి తిండి, ద్రాక్షరసం తీసుకెళ్ళే అలవాటు కూడా ఆమెకు ఉండేది. మిలానులో పీఠాధిపతి దాన్ని నిషేధించారని ద్వారపాలకుడు అడ్డుకుంటే వెంటనే మానేసి, చేతనైనంత పేదలకు ఇచ్చింది. సొంత భక్తి అలవాటును వదులుకోవడం తిండి వదులుకోవడం కంటే కష్టం. 387లో పాస్కా జాగరణ రాత్రి అగుస్తీను జ్ఞానస్నానం పొందేనాటికి ఆ తల్లి చేసిన తపస్సులో ఈ విధేయత కూడా ఉంది.

ఇక పిల్లలు. 14 నిండని పిల్లల్ని చట్టం బంధించదు. కానీ వాళ్ళకు తపస్సు అసలు అర్థం నేర్పే బాధ్యతను గురువులతోపాటు తల్లిదండ్రుల మీద కూడా పెట్టింది. నేర్పడం వేరు, మన నియమాన్ని వాళ్ళ నెత్తిన రుద్దడం వేరు. "తపస్కాలం కదా, నీకు బొమ్మలు లేవు" అంటే పిల్లవాడికి అది శిక్ష. ఏం మానుకుంటావో నువ్వే చెప్పు అని అడగండి. ఐదారేళ్ళ పిల్లలకు 40 రోజులు చాలా పెద్దకాలం కాబట్టి ఒక్క వారానికే ఒప్పందం చేసుకుని, ఆదివారం కొత్తది ఎంచుకోనివ్వండి. సరిగా తినని పిల్లలకు తిండికి సంబంధించిన త్యాగం వద్దు. మిఠాయి మానిన పిల్లవాడు ఆరు రోజులవీ దాచి ఆదివారం ఒక్కసారే తింటే ఏమీ నేర్చుకోడు. ఆ మిఠాయి మొదటి రోజే ఎవరికైనా ఇచ్చేలా చూడండి. ఆదివారాల్లో సడలింపు ఉంటుందా లేదా అన్నది కూడా మొదటి రోజే తేల్చుకోండి. సొంతంగా పెట్టుకున్న నియమానికి హద్దు పెట్టుకునే స్వేచ్ఛ మీదే. మధ్యలో మారిస్తే మాత్రం పిల్లలు పట్టేస్తారు.

ప్రభువు శ్రమలను 14 ఘట్టాలుగా, అంటే స్థలాలుగా, ధ్యానించే సిలువ మార్గం గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఇంట్లో పిల్లల మనసులో నాటుకునేది ఇదే కాబట్టి. గుడిలో 14 స్థలాలూ ఒకేసారి చేస్తే చిన్నపిల్లలు ఐదో స్థలానికే అలిసిపోయి బెంచీల కింద దూరతారు. తపస్కాలంలో శుక్రవారాలు, పవిత్ర శుక్రవారంతో కలిపి, సరిగ్గా ఏడు. వారానికి రెండు స్థలాల చొప్పున ఇంట్లో చేస్తే పవిత్ర శుక్రవారానికి 13, 14 మిగులుతాయి: ప్రభువు దేహాన్ని సిలువ నుంచి దించడం, సమాధి చేయడం. ఆ రోజుకు అంతకంటే తగినవి లేవు. భోజనం తర్వాత కాక ముందు పెట్టుకోండి, తర్వాతైతే నిద్రొస్తుంది. దీపాలు ఆర్పి ఒక్క కొవ్వొత్తి వెలిగించి, సిలువను పెద్ద పిల్లవాడి చేతికివ్వండి. స్థలం పేరు ఒకరు చదవాలి, అందరూ మోకరించాలి, జరిగింది రెండు మూడు వాక్యాల్లో తల్లి చెప్పాలి, ఒక నిమిషం మౌనం, తర్వాత పరలోక జపం. రెండు స్థలాలకూ కలిపి పది నిమిషాలు చాలు. సాగదీస్తే వచ్చేవారం రారు. రెండో శుక్రవారం నాలుగో స్థలం వస్తుంది, తల్లి కొడుకును దారిలో కలుసుకునే చోటు. అక్కడ ఏమీ బోధించకండి, మౌనం మాత్రం కాస్త పెంచండి.

భర్తకు విశ్వాసం లేకపోయినా, పూజ మానేసి ఏళ్ళయినా, శుక్రవారం ఆయన కంచాన్ని యుద్ధభూమి చేయకండి. ఆ నియమం మీకుంది, మీరు పాటించండి. ఆయనకు కావలసింది వండి పెట్టడం పాపం కాదు.

మాంసం మానడం వల్ల మిగిలిన డబ్బు అలాగే ఉంచితే ఇంటిఖర్చులో కలిసిపోయి కనిపించదు. అదే రోజు లెక్కగట్టి డబ్బాలో వేయాలి, వేసేది పిల్లలైతే ఇంకా మంచిది. అది ఎవరికివ్వాలో మొదటి వారంలోనే అనుకోండి. మార్చి 19న పునీత జోజప్ప మహోత్సవం, మార్చి 25న మంగళవార్త (మరియమ్మకు దేవదూత శుభవార్త చెప్పిన) మహోత్సవం. మహోత్సవమంటే అన్నిటికంటే పెద్ద తరగతి పండుగ. ఇవి ఎప్పుడైనా తపస్కాలపు శుక్రవారం నాడు వస్తే ఆ రోజు మాంసం మానే నియమం ఉండదు. మంగళవార్త మహోత్సవం పవిత్రవారంలో (పాస్కాకు ముందు వారంలో) పడితే పాస్కా అష్టకం (పాస్కా ఆదివారం నుంచి ఎనిమిది రోజులు) తర్వాతి సోమవారానికి మారుతుంది.

పాపసంకీర్తనానికి (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడానికి) పవిత్రవారం దాకా ఆగకండి. అప్పుడు వరుస పెద్దది, గురువులు అలసి ఉంటారు, పిల్లలు నిలబడలేరు. నాలుగో వారంలో వెళ్ళండి. ముందురోజు రాత్రి పిల్లలకు ఆత్మపరిశోధనకు ప్రశ్నలు అందించండి: దేవుడితో ఎలా ఉన్నాను, ఇంట్లో ఎలా ఉన్నాను, బడిలో ఎలా ఉన్నాను. జవాబులు మాత్రం అడగొద్దు. "తమ్ముణ్ణి కొట్టావుగా, అది చెప్పు" అని వాళ్ళ పాపాల జాబితా మీరు రాయొద్దు. బయటికి వచ్చాక ఫాదర్ గారు ఏమన్నారని కూడా అడగొద్దు. ఒకసారి అడిగితే చాలు, రెండోసారి నుంచి పిల్లవాడు తల్లికి చెప్పగలిగినవే గురువుకూ చెబుతాడు.

పవిత్రవారంలో అన్నింటికీ వెళ్ళాలన్న ఆరాటం పసిపిల్లల తల్లుల్ని నలిపేస్తుంది. పవిత్ర గురువారం, పవిత్ర శుక్రవారం ఎంత గొప్పవైనా, వెళ్ళకపోతే పాపం అనదగిన రోజులు కావు. ఆదివారం పూజకు సైతం పసిబిడ్డల సంరక్షణ న్యాయమైన మినహాయింపని శ్రీసభ బోధనల గ్రంథమైన సత్యోపదేశంలోనే ఉంది. భార్యాభర్తలు వంతులు వేసుకోండి: గురువారం ఒకరు, శుక్రవారం ఒకరు. పాస్కా జాగరణ చీకటి పడ్డాకే మొదలవుతుంది, చాలాసేపు సాగుతుంది. పిల్లల్ని తీసుకెళ్ళేట్టయితే మధ్యాహ్నం నిద్రపుచ్చండి, సాయంత్రం తినిపించండి, కొవ్వొత్తికి అట్టముక్క తొడగండి, లేకపోతే వేడి మైనం చేతుల మీద పడుతుంది. బయట కొత్త అగ్ని వెలిగించేటప్పుడు పిల్లల్ని ముందు వరుసలో నిలబెట్టండి. పెద్దల వెనక నిలబడితే వాళ్ళకు కనబడేది వీపులే. జాగరణ పూజలో పాల్గొంటే ఆదివారం పూజ బాధ్యత తీరినట్టే.

పండుగ తర్వాత వచ్చే మొదటి శుక్రవారం పాస్కా అష్టకంలో ఉంటుంది, ఆ రోజులన్నీ మహోత్సవాలే కాబట్టి మాంసం మాననక్కర్లేదు. అలవాటు కొద్దీ ఆ రోజూ మానేసే ఇళ్ళున్నాయి. మానకండి, పిల్లలతో కలిసి పండుగ భోజనం చేయండి.