రిపోర్టు నెగెటివ్ వచ్చాక ఆ పిల్లను ఎవరు చూస్తున్నారు?

అందరికీ నమస్కారం. హెచ్‌ఐవీ ఉన్న తల్లికి బిడ్డ పుట్టిందంటే మనం ముందు అడిగేది బిడ్డకు సోకిందా లేదా అనే. అడగాల్సిందే. మందులేవీ వాడకపోతే కడుపులో, కాన్పులో, చనుబాల వల్ల, అన్నీ కలిపి 15 నుంచి 45 శాతం పిల్లలకు వైరస్ సోకుతుంది. తల్లి వైరస్‌ను అణచిపెట్టే ఏఆర్‌టీ మందులు మానకుండా వాడి, బిడ్డకు పుట్టగానే అలాంటి మందే అయిన నెవిరపిన్ సిరప్ పట్టిస్తే అది 5 శాతం లోపుకు దిగుతుంది. చిన్న విషయమా ఇది? నా గొడవంతా ఆ తర్వాతి సంగతి గురించి.

వైరస్‌ను ఎదుర్కోవడానికి తల్లి ఒంట్లో తయారై బిడ్డకు చేరిన యాంటీబాడీలు బిడ్డ రక్తంలో 18 నెలల దాకా ఉండొచ్చు, మామూలు పరీక్ష వెతికేది వాటినే, అందుకే చివరి పరీక్ష అప్పటిదాకా ఆగుతుంది, అన్నాళ్లూ ఆ ఇంట్లో టెన్షనే. నెగెటివ్ అనగానే అందరూ ఊపిరి పీల్చుకుంటారు, ఫైలు మూసేస్తారు. అదే గదిలో ఆ పాప కావలసింది చూపించడానికి అమ్మ చెయ్యి పట్టుకుని లాగుతోంది, నోట ఒక్క మాట లేదు. బరువు రాసుకున్నారు. మాటలొచ్చాయా అని ఎవరూ అడగలేదు.

వైరస్ సోకకుండా బయటపడిన ఇలాంటి పిల్లలు ప్రపంచంలో కోటిన్నరకు పైనే ఉన్నారు. ఎక్కువమంది చక్కగానే ఎదుగుతారు, కంగారు పడొద్దు. కాకపోతే నెలలు నిండకుండా పుట్టడం, తక్కువ బరువు, మొదటి ఏడాదిలో జబ్బులు, హెచ్‌ఐవీ లేని తల్లుల పిల్లల కన్నా, వీళ్లలో కాస్త ఎక్కువ. దక్షిణాఫ్రికాలో డ్రాకెన్‌స్టైన్ అధ్యయనంలో రెండేళ్ల వయసుకు మాటల్లో వెనకబాటు కూడా వీళ్లలోనే ఎక్కువ కనిపించింది. కారణం ఇదొక్కటే అని వేలెత్తి చూపలేం: గర్భంలో ఉండగా తల్లి రోగనిరోధక శక్తి, పేదరికం, ఆమె మనసు, అన్నీ కలిసిపోయి ఉంటాయి. మందుల వల్లే అని ఎవరైనా ఆ తల్లిని భయపెడితే మాత్రం అక్కడే ఆపండి, భయపడి మందు మానేసిందంటే నష్టం బిడ్డకే.

సోకిన బిడ్డ విషయంలో వ్యవధి అసలు లేదు. వైరస్ తొందరగానే మెదడుకు చేరుతుంది, కూర్చోవడం నేర్చిన బిడ్డ మళ్లీ కూర్చోలేకపోవచ్చు, తల చుట్టుకొలత ఆగిపోవచ్చు. వైరస్ సోకిన పసిపిల్లలకు మందులు ఎప్పుడు మొదలుపెట్టాలో తేల్చడానికి చేసి, 2008లో ఫలితాలు వెలువడిన చెర్ అనే ట్రయల్‌లో, పుట్టిన 12 వారాల లోపే మందులు మొదలుపెట్టిన పిల్లల్లో, ఆగి మొదలుపెట్టిన వాళ్లతో పోలిస్తే, మరణాలు 76 శాతం తగ్గాయి. అందుకే ఆరు వారాలకే మడమ గుచ్చి, వైరస్‌నే నేరుగా వెతికే పీసీఆర్ పరీక్షకు రక్తం తీసేది.

ఇక తల్లి. జబ్బు సంగతి ఇంట్లో చెప్పలేక, అత్తగారి ముందు మాత్ర మింగడానికి చాటు వెతుక్కునే మనిషి బిడ్డతో ఏం ఊసులాడుతుంది? డిప్రెషన్‌లో ఉన్న తల్లి తక్కువ మాట్లాడుతుంది, బిడ్డ తక్కువ వింటుంది. ఖరీదైన బొమ్మలేం అక్కర్లేదు, స్నానం చేయిస్తూ కబుర్లు చెబితే చాలు, కానీ దానికి ఆమెకు కాస్త ఓపిక మిగలాలి కదా. కాబట్టి టీకాకు వచ్చినప్పుడు బిడ్డ కన్నా ముందు ఆమెను పలకరించండి, నిద్ర పడుతోందా అమ్మా అని. తర్వాత బిడ్డను చూడండి: తొమ్మిది నెలలకు ఆసరా లేకుండా కూర్చుంటోందా, ఏడాదికి పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూస్తోందా, ఏడాదిన్నరకు రెండు మూడు మాటలైనా వచ్చాయా. నెలలు నిండకుండా పుడితే ఆ నెలలు తీసేసి లెక్కేయండి. అనుమానముంటే ముందు చెవి పరీక్ష చేయించండి, తరచూ చెవి కారే పిల్లలకు వినపడకే మాటలు రాకపోవచ్చు. ఫైలు మాత్రం బడిలో చేరేదాకా మూయకండి.