హాలండ్ వీసా ఆరు లక్షలంట! కడపలో మా మామతో ఒక రోజు

అందరికీ నమస్కారం. ఈసారి నేను పనిచేసే హాలండ్‌లోని ఐండ్‌హోవెన్ నుంచి కాదు, మన కడప నుంచి. సెలవు పెట్టి ఇంటికొచ్చినాను. పొద్దున దేవుని కడపలో దర్శనం చేసుకొని, మధ్యాహ్నం ప్రొద్దుటూరు పోయి అమ్మకు చీరలు తీసుకుందామనుకున్నాం. చీరల వీడియో అడిగినోళ్ళు చాలామందే ఉన్నారు, అది ఇంకోసారి పెడతాను. ఈరోజు టిఫిను దగ్గరే కథ మారిపోయింది.

ఇదిగో చూడండి, కారం దోసె. ఎర్రకారం, పప్పులపొడి, పైన నెయ్యి. 60 రూపాయలు. ఐండ్‌హోవెన్‌లో నేను తినే దోసె 13 యూరోలు. యూరో నూరు రూపాయలని గుండుగుత్తగా వేసుకున్నా 1,300. అంత పోసినా ఎర్రకారం ఉండదు. సాయంత్రం ఆరింటికే ఆ ఊర్లో చాలామంది రాత్రి భోజనాలకు కూర్చుంటారు. మా వీధిలో మనిషి అలికిడి ఉండదు. ఆ టైములో ఈ పెనం చప్పుడు ఎన్నిసార్లు గుర్తొచ్చిందో.

సరే, అసలు విషయానికి వస్తా. ఇక్కడ నా పక్కన ఉండేది మా చిన్నమ్మ కొడుకు. ఇక్కడే బీటెక్ కంప్యూటర్స్ చేసి, బెంగళూరులో బ్యాకెండ్ డెవలపరుగా పనిచేస్తాండాడు. వీడు ఫోన్ చూపించి "అక్కా, ఇది నిజమేనా చూడు" అన్నాడు. ఎవరో ఏజెంటు వాట్సాప్‌లో పంపినాడు: హాలండ్‌లో ఐటీ ఉద్యోగం, వీసా గ్యారంటీ, ఆరు లక్షలు. రెండు లక్షలు ముందు కట్టాల, మిగతాది వీసా వచ్చినాక. చిన్నమ్మ అప్పుడే గాజులు బ్యాంకులో పెట్టే ఆలోచనలో ఉందంట. ఎదురుగా కూర్చున్న మా మామ, "ఆరంటే తక్కువే కదా పాపా, వీసా కొనేద్దాం" అన్నాడు.

మామ ఆ మాట ఎందుకన్నాడో నాకు తెలుసు. 1990ల్లో ఆయన కువైట్ పోయినాడు. రాయచోటి, రాజంపేట, కడప వైపు కువైట్ పోయినోళ్ళు లేని ఊరు ఉండదు, మీకు నేను చెప్పాల్సిన పని లేదు. ఇంటిపనికి పోయే ఖాదిం వీసాకు ఒక రేటు, కంపెనీ పనికి పోయే షూన్ వీసాకు ఒక రేటు. మా తాత చేను కుదువ పెట్టి ఏజెంటుకు కట్టినాడు. ఆ అప్పు తీరేంతవరకు మామ పరాయి ఇంట్లో డ్రైవరుగా చేసినాడు. ఆ తర్వాత పంపిన డబ్బుతోనే నా ఇంజనీరింగ్ ఫీజు కట్టినారు. ఈరోజు నేను యూరోల లెక్కలు చెప్తాండానంటే ఆయన దినార్లే కారణం. ఆయనకు తెలిసిన లోకంలో వీసా కొనాల్సిందే. నేను పోయిన దారిలో మాత్రం దాన్ని అమ్మేవాడే లేడు, ఈ మాట మన వైపు ప్రతి ఇంటికీ చేరాలనే ఈ వీడియో.

మామకు అర్థమయ్యేట్టు ఇట్ల చెప్పినాను. "మామా, కువైట్‌లో మనిషిని పిలిపించుకునే యజమానిని కఫీల్ అంటారు కదా, అక్కడ కంపెనీయే కఫీల్ అనుకో. కానీ ఏ కంపెనీ పడితే అది కఫీల్ కాలేదు. ఐఎన్‌డీ అని వాళ్ళ ఇమ్మిగ్రేషన్ ఆఫీసు ఉంది. నేను పోయింది హైలీ స్కిల్డ్ మైగ్రంట్ అనే దారి, అందులో ఐఎన్‌డీ గుర్తింపు ఇచ్చిన కంపెనీ మాత్రమే బయటి దేశం నుంచి మనిషిని పిలిపించుకోవచ్చు. ఆ కంపెనీల పేర్లన్నీ ఐఎన్‌డీ వెబ్‌సైటులో అందరికీ కనపడేట్టు పెట్టినారు. చూసేదానికి రూపాయి అక్కరలేదు." కంపెనీ పేరు, దాని పక్కన కేవీకే నంబరు ఉంటాయి. కేవీకే అంటే అక్కడి వ్యాపారాల రిజిస్టరు. ఇంగ్లండ్‌కు కూడా ఇట్లాంటి లిస్టు ఉంది, అక్కడి ప్రభుత్వ వెబ్‌సైటులోనే.

ఏజెంటు పంపిన ఆఫర్ లెటరులో ఉన్న కంపెనీ పేరు అక్కడే కూర్చొని వెతికినాం. లేదు. వేరే స్పెల్లింగుతో వెతికినాం. లేదు. ఒకవేళ పేరు దొరికినా సరిపోదు తమ్ముడూ. పెద్ద కంపెనీల పేర్లతో దొంగ లెటర్లు తయారు చేసేవాళ్ళున్నారు. కంపెనీ సొంత వెబ్‌సైటులో ఆ ఉద్యోగం ఉందా, మెయిలు వాళ్ళ సొంత డొమైన్ నుంచి వచ్చిందా చూడాల. వీడికొచ్చింది జీమెయిల్ నుంచి. మన దేశంలో కూడా విదేశాలకు మనుషుల్ని పంపే ఏజెంటుకు 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాల, మనిషి దగ్గర 30,000 రూపాయలు, పైన జీఎస్‌టీ, అంతకు మించి తీసుకోకూడదు. రిజిస్టరైన ఏజెంట్ల పేర్లు ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉంటాయి. ఇంక ఆరు లక్షలు ఏ లెక్క?

అప్పుడు మామ అడిగినాడు, "మరి నీ పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉంటుంది?"

నా దగ్గరే మామా.

"కంపెనీ పెట్టుకోదా?"

పెట్టుకోదు మామా. ఉద్యోగం మారాలంటే లిస్టులో ఉండే ఇంకో కంపెనీకి పోవచ్చు. ఉద్యోగం పోయినా, అక్కడ ఉండేదానికి ఇచ్చిన పర్మిట్ గడువు ఉంటే, కొత్తది వెతుక్కునేదానికి మూడు నెలల వరకు ఇస్తారు. ఇదంతా విని ఆయన పాస్‌పోర్టు మాట మళ్ళా అడిగినాడు. ఆయనది ఏండ్ల తరబడి కఫీల్ బీరువాలో ఉండింది. మా తాత పోయినప్పుడు సమయానికి రాలేకపోయినాడు.

సరే, జీతం సంగతి. ఈ దారిలో డిగ్రీ కంటే జీతం ముఖ్యం. 2025 లెక్క ప్రకారం 30 ఏండ్ల లోపువాళ్ళకు నెలకు కనీసం 4,171 యూరోలు, 30 నిండితే 5,688 ఇస్తేనే ఐఎన్‌డీ ఒప్పుకునేది. అంటే మన డబ్బులో 4 లక్షల 17 వేలు, 5 లక్షల 68 వేలు. ప్రతి జనవరిలో ఇది మారుతుంది, కొత్త అంకె చూసుకోండి. వినేదానికి బాగుంటుంది కానీ జీతంలో మూడో వంతు దాకా పన్నుకే పోతుంది. నా ఇంటి బాడుగ ఒక్కటే 1,350 యూరోలు, లక్షా 35 వేలు. హెల్త్ ఇన్సూరెన్స్ తప్పనిసరి, అది కట్టినాక కూడా ఏడాదిలో మొదటి 385 యూరోల వైద్యం ఖర్చు మనమే పెట్టుకోవాల. ఒక మంచి సంగతి కూడా చెప్తా: సెలవుల ఖర్చుకని ఏడాది జీతంలో 8 శాతం విడిగా ఇస్తారు, చాలా కంపెనీలు మే నెలలో వేస్తాయి. పోయినేడాది ఆ డబ్బుతోనే మామకు కంటి ఆపరేషన్ చేయించినాను. ఇది చెప్పొద్దని ఆయన చెయ్యి ఊపుతాండాడు, చెప్తాను.

దరఖాస్తు కంపెనీయే పెట్టింది, ఫీజు కూడా వాళ్ళే కట్టినారు. నేను చేసిందల్లా బెంగళూరు పోయి పాస్‌పోర్టులో వీసా స్టిక్కరు వేయించుకోవడం. నన్ను నిజంగా సతాయించింది ఇంకొకటి ఉంది. అక్కడ దిగినాక మున్సిపాలిటీలో పేరు నమోదు చేసుకోవాల, అప్పుడే బీఎస్‌ఎన్ నంబరు, అంటే అక్కడ ప్రతి మనిషికీ ఇచ్చే గుర్తింపు నంబరు, ఇస్తారు. అది లేకుండా జీతం నడవదు. ఆ నమోదుకు బర్త్ సర్టిఫికెట్ కావాలంట, దాని మీద అపోస్టిల్ ముద్ర ఉండాలంట, అంటే ఈ కాగితం అసలైనదేనని బయటి దేశాలకు మన ప్రభుత్వం వేసే ముద్ర. మనకు పుట్టినతేది అంటే టెన్త్ మెమోనే కదండీ! నేను పుట్టింది మా అవ్వ ఇంట్లో, మంత్రసాని చేతుల మీద. ఏ రిజిస్టరులోనూ నా పేరు లేదు. టెన్త్ మెమోలో తేది ఉంది కదా అంటే అక్కడ కుదరదు.

ఆలస్యంగా నమోదు చేయించేదానికి ఆర్డీవో ఉత్తర్వు కావాల. మామ ఎండలో ఆఫీసుల చుట్టూ తిరిగినాడు. వీఆర్వో దగ్గరికి, ఊర్లో నేను పుట్టినప్పుడు ఉన్న పెద్దోళ్ళ దగ్గరికి, మళ్ళా మీసేవకు. సర్టిఫికెట్ చేతికొచ్చినాక అటెస్టేషను, ఆ తర్వాత విదేశాంగ శాఖ అపోస్టిల్. బయటికి పోయే ఆలోచన ఉంటే, ఇంటర్వ్యూల కంటే ముందే ఈ పని మొదలుపెట్టండి. ఆఫర్ వచ్చినాక మొదలుపెడితే నిద్ర పట్టదు.

అందరి కండ్లు అమెరికా మీదే ఉంటాయని నాకు తెలుసు. అక్కడ హెచ్‌-1బీ అనే ఉద్యోగ వీసాలు ఏడాదికి 65,000, అమెరికాలో మాస్టర్స్ చేసినోళ్ళకు ఇంకో 20,000. లాటరీలో పేరు రావాల. 2025 సెప్టెంబరులో కొత్త దరఖాస్తులకు లక్ష డాలర్ల ఫీజు ప్రకటించినారు, అంటే దాదాపు 88 లక్షలు. అన్ని లక్షలు పెట్టి ఏ చిన్న కంపెనీ మన పిల్లోణ్ణి పిలుచుకుంటుంది చెప్పండి? యూరప్ సులభమని నేను అనను. దరఖాస్తు పెట్టినచోటల్లా "మీకు స్పాన్సర్‌షిప్ కావాలా", అంటే కంపెనీయే వీసా ఇప్పించాలా, అని ఒక ప్రశ్న ఉంటుంది. అవునని టిక్ పెట్టినాక చాలా కంపెనీలు జవాబే ఇవ్వవు. దాచిపెట్టొద్దు తమ్ముడూ, అవుననే పెట్టు. ముందే లిస్టు చూసి, అందులో ఉన్న కంపెనీలకే పంపితే ఆ ప్రశ్నకు భయపడే పని తగ్గుతుంది. నీ రెజ్యూమెలో నువ్వు రాసిన సిస్టమ్ ఎంతమంది వాడినారు, ఏం బాగుపడింది, అది రాయి. నేర్చుకున్న టూల్స్ పేర్లు రెండు పేజీలు రాస్తే ఎవరూ చదవరు.

చిన్నమ్మకు ఫోన్ చేసి గాజులు యాడ ఉన్నాయో ఆడనే ఉంచమని చెప్పినాం. ఆమెకు ఇంకా నమ్మకం కుదరలేదు, "ఏజెంటు లేకుండా ఎట్ల పోతార్రా" అనే అంటాంది. సాయంత్రం ఇంటికి పోయి ఆమెకు కూడా లిస్టు చూపిస్తాం.

వీడిది కూడా బర్త్ సర్టిఫికెట్ లేదని ఇప్పుడే తెలిసింది. అందుకే ప్రొద్దుటూరు మానుకొని మీసేవకు బయలుదేరుతున్నాం. ఏ కాగితం ఏ టేబుల్ దగ్గర ఇవ్వాలో నాకంటే మామకే బాగా తెలుసు, ముందు ఆయనే నడుస్తాండాడు.