కోయకముందే లెక్క తెలియాలి

మరిది: నమస్కారం. సొరకాయ ఎపిసోడ్ తర్వాత కూడా వింటున్నారంటే మీరు మా మనుషులే. ఇవాళ సర్టిఫికెట్ గురించి. సంఘంగా పండించిన సేంద్రియ కూరగాయలకు పీజీఎస్, అంటే రైతులే ఒకరి పొలం ఒకరు చూసి ఇచ్చుకునే సర్టిఫికెట్, ఎలా తెచ్చుకోవాలి...

వదిన: అది చెప్దాం. ముందు శనివారం సంగతి తేలాలి.

మరిది: రికార్డింగ్‌లోనా వదినా?

వదిన: ఇక్కడే. వినేవాళ్లలో చాలామంది ఇలాంటి సంఘాల్లో ఉన్నవాళ్లే. తోటకూర 120 కట్టలు. శుక్రవారం సాయంత్రం కోసి, నీళ్లు చల్లి, తడి గోనె కప్పాం. తెల్లవారుజామున జనగామలో బండి ఎక్కింది. ఉప్పల్ దగ్గర మూడో అపార్ట్‌మెంట్‌కి చేరేసరికి పదకొండు.

మరిది: రెండో చోట గేటు దగ్గరే గంట ఆపేశారు. నువ్వు కూడా ఉన్నావు కదా.

వదిన: ఉన్నాను, అందుకే చెప్తున్నా. గోనె తీసి కట్టల మధ్యలో చెయ్యి పెట్టాను. జ్వరం వచ్చిన పిల్లాడి ఒంటిలా వెచ్చగా ఉంది. పైన కట్టలు పచ్చగానే ఉన్నాయి, లోపలివి మగ్గిపోయాయి. ఆకుకూర కోశాక కూడా ఊపిరి తీసుకుంటూనే ఉంటుంది. గుట్టగా పోస్తే ఆ వేడికి అదే చెడిపోతుంది.

మరిది: క్రేట్లలో నిలబెట్టి సర్దితే గాలి ఆడేది. నేను ఎప్పటినుంచో...

వదిన: వచ్చేశాడు క్రేట్ల దగ్గరికి.

మరిది: వస్తాను మరి! 60 క్రేట్లు వెళ్లాయి, తిరిగొచ్చినవి 38. మిగతావి ఎవరింట్లో ఉన్నాయో తెలీదు. ఖాళీ క్రేటు వెనక్కి రాకపోతే మర్నాడు టమాటా సంచిలోకి వెళ్తుంది, అడుగున ఉన్నదంతా నలిగిపోతుంది. సరుకు వెళ్లే దారి గురించి అందరూ మాట్లాడతారు, క్రేటు తిరిగొచ్చే దారి గురించి ఎవరూ మాట్లాడరు.

వదిన: ఒప్పుకుంటాను. కానీ అసలు 120 ఎందుకు కోశాం? ఆర్డర్ 70.

మరిది: మడి ముదిరిపోతోందన్నారు.

వదిన: ఎందుకు ముదిరింది? వాన పడగానే అందరూ ఒకే వారం చల్లారు. తోటకూర నెల తిరక్కుండానే కోతకొస్తుంది. అందరిదీ ఒకేసారి వచ్చింది, ఆ తర్వాత పది రోజులు ఎవరి దగ్గరా లేదు. ఆ పది రోజుల్లోనే అపార్ట్‌మెంట్ వాళ్లు మనల్ని మర్చిపోతారు. విత్తనం చల్లేటప్పుడే వంతులు వేసుకోవాలి. ఈ వారం ముగ్గురు, వచ్చే వారం ముగ్గురు.

మరిది: చెప్పి చూశాం కదా. పదునుండగా చల్లకుండా ఆగమంటే ఏ రైతు ఆగుతాడు? మన లెక్కల కోసం వాన ఆగదు.

వదిన: బోరు ఉన్నవాళ్లు ఆగొచ్చు. బోరు లేనివాళ్లకు మొదటి వంతు ఇద్దాం.

మరిది: అది... బానే ఉంది. ఇంతకుముందు ఎందుకు చెప్పలేదు?

వదిన: మొన్న రాత్రి నిద్ర పట్టక ఆలోచించాను. మిగిలిన 50 కట్టలూ ఒక్కరి మడిలోవే. ఆ నష్టం మనం ఆవిడ ఖాతాలోనే రాశాం. ఆవిడ ఏమీ అనలేదు. సంచి మడత పెట్టుకుని వెళ్లిపోయింది.

మరిది: రాసింది నేనే.

వదిన: నేనూ సంతకం పెట్టాను.

మరిది: అమ్మిన ప్రతి కిలోకూ రూపాయి పక్కన పెడదాం. బండి ఆలస్యమైనా, ఆర్డర్ తగ్గినా నష్టం అందులోంచి ఇవ్వాలి. పుచ్చు వంకాయలు ఏరకుండా పంపితే మాత్రం ఇవ్వకూడదు.

వదిన: అది ఎవరు చూస్తారు?

మరిది: తూకం దగ్గరున్నవాళ్లే, క్రేట్లో సర్దేటప్పుడు.

వదిన: మళ్లీ క్రేటు! సరే, సర్టిఫికెట్ గురించి చెప్పు, మెసేజ్‌లు పెట్టినవాళ్లు ఎదురుచూస్తుంటారు.

మరిది: క్లుప్తంగా చెప్తాను. పీజీఎస్‌లో కనీసం అయిదుగురు రైతులు ఒక జట్టు. ఒకరి పొలం ఒకరు చూసి, కాగితాల మీద రాసి పెట్టాలి. మారే దశలో ఉన్నవాళ్లకు పీజీఎస్ గ్రీన్, పూర్తిగా మారాక పీజీఎస్ ఆర్గానిక్. ఆహార భద్రతా సంస్థ 2017లో తెచ్చిన నిబంధనల ప్రకారం చిన్న రైతు తినేవాళ్లకు నేరుగా అమ్మితే సర్టిఫికెట్ అడగరు. దుకాణంలో ఆర్గానిక్ అని పెట్టి అమ్మాలంటే కావాలి.

వదిన: మన పక్కనే ఉన్న ఏనబావి 2006లోనే రసాయనాలు లేని ఊరని ప్రకటించుకుంది. అక్కడ ఊరి మాటే నమ్మకం. హైదరాబాద్‌లో కొనేవాళ్లకు ఆ ఊరు కనిపించదు కాబట్టి కాగితం కావాలి, తప్పదు. కానీ కాగితం ఉన్న తోటకూర కూడా మగ్గుతుంది.

మరిది: కూరగాయలు చల్లగా ఉంచే ఆ ఇటుకల గది కడదామా? రెండు వరసల గోడ, మధ్యలో ఇసుక, పొద్దున సాయంత్రం తడపడం. కరెంటు అక్కర్లేదు.

వదిన: ఎండాకాలం పొడి గాలికి బాగా పనిచేస్తుంది, వానాకాలం అంత చల్లబడదు. టమాటాకి, బెండకి కడదాం. ఆకుకూరకి మాత్రం లెక్క ముందు రావాలి, కొడవలి తర్వాత.

మరిది: వచ్చింది చూడు, రేపటి లిస్టు. పాలకూర 40, గోంగూర 25, మెంతికూర 35.

వదిన: మెంతికూర 35 ఎక్కడుంది? మన మడిలో 20 కట్టలు కూడా రావు.

మరిది: చెరువు కింద వాళ్లు పోయిన వారం కోయలేదుగా.

వదిన: ఉండు, ఫోన్ చేస్తాను. రికార్డింగ్ ఆపెయ్.