కిటికీ మూసిన రెండు రోజులు

సభకు నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లు ఇందాక రెండుసార్లు చదివారు. మళ్లీ నేను మొదలుపెడితే నాకిచ్చిన ఇరవై నిమిషాలు అక్కడే అయిపోతాయి, కాబట్టి అందరికీ కలిపి ఒకటే దండం. ఆహ్వానపత్రంలో నా ప్రసంగానికి 'కందిరీగల బెడద, నివారణ' అని పేరు పెట్టారు. నన్నడిగి పెట్టలేదు. నివారణ గురించి నాలుగు ముక్కలు చెప్తాను, కానీ నేను వచ్చింది అందుకు కాదు.

నేను మాట్లాడేది పెద్ద కందిరీగల గురించి. శాస్త్రజ్ఞులు వీటిని వెస్పా అనే ప్రజాతిలో చేర్చారు. 22 జాతులున్నాయి. అన్నిట్లోకీ పెద్దదైన వెస్పా మాండరీనియాలో రాణి 5 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. పొట్ట మీద పసుపు పట్టీ ఉండే వెస్పా ఓరియంటాలిస్ అయితే మిట్టమధ్యాహ్నం, మిగతా పురుగులు నీడ వెతుక్కునే వేళకి, మంచి ఊపు మీద ఉంటుంది. సరే, జాతుల పట్టిక పుస్తకాల్లో దొరుకుతుంది. పుస్తకంలో దొరకనిది చెప్తాను.

చాలా ఏళ్ల కిందట మా సామాన్ల గదిలో, గోడ కంతలో, ఒక రాణి గూడు మొదలుపెట్టింది. ఒక్కతే. వందల కందిరీగలుండే గూడు కూడా ఒక్క ఆడదానితోనే మొదలవుతుందంటే చాలామంది నమ్మరు. చలికాలమంతా ఏదో సందులో ముడుచుకుని గడుపుతుంది. అంతకుముందే మగదానితో కలిసి ఉంటుంది కాబట్టి ఆ వీర్యం ఒంట్లోనే దాచుకుని, ఎండలు మొదలవగానే బయటికొస్తుంది. ఎండు కర్రని దవడలతో గీకి, ఉమ్మితో నమిలి గుజ్జు చేస్తుంది. ఆరితే అది కాగితమే.

నేను స్టూలు వేసుకుని చూసేవాణ్ణి. గుజ్జు ముద్దని దవడల కింద పెట్టుకుని వచ్చేది. గూట్లో గుడ్డు పెట్టే చిన్న గది అంచున ఆనించి, వెనక్కి నడుస్తూ సన్నటి పట్టీలా పరిచేది. మధ్యమధ్య మీసాలతో తడిమి చూసుకునేది. తడిగా ఉన్నప్పుడు నల్లగా కనబడే పట్టీ కాసేపటికి బూడిదరంగుకి తిరిగేది. ఒక పట్టీకి ఒక ట్రిప్పు. గదుల నోళ్లన్నీ కిందికే. గుడ్డు జారిపోకుండా గోడకి అంటిస్తుంది. పిల్ల పుట్టాక కూడా తలకిందులుగానే బతుకుతుంది.

ఇక్కడ కాస్త పక్కకి వెళ్తాను, ఏమీ అనుకోకండి. ఎక్కడికెళ్లినా తేనెటీగలకి చప్పట్లు, కందిరీగలకి తిట్లు. జపాన్ తేనెటీగలు వందల కొద్దీ ఒక కందిరీగ చుట్టూ బంతిలా మూగి, రెక్కల కండరాలు అదిలించి, 46 డిగ్రీలకి పైగా వేడి పుట్టించి దాన్ని చంపేస్తాయని చెప్తే హాలంతా ఈలలే. నిజంగా గొప్ప విషయమే, కాదనను. కానీ ఆ కందిరీగ ఎవరి కోసం వచ్చింది? ఒక్కరైనా అడిగారా?

తన కోసం రాలేదు. ఎదిగిన కందిరీగ మాంసం తినలేదండీ! ఆ సన్నటి నడుములోంచి గట్టి ముక్క దిగదు. పట్టిన పురుగు తల, కాళ్లు, రెక్కలు తుంచేసి, రొమ్ము కండని ముద్ద చేసి పిల్లలకి పెడుతుంది. పిల్ల అది తిని, పెద్దదాని నోటికి ఒక బొట్టు ద్రవం తిరిగి ఇస్తుంది. ప్రోటీన్ విడిపోతే వచ్చే అమైనో ఆమ్లాలున్న బొట్టు. అంటే బిడ్డకి తల్లి పెడుతుంది, తల్లికి బిడ్డ పెడుతుంది. వెనక వరుసలో నవ్వుతున్న బాబూ, నువ్వు మీ అమ్మకి ఎప్పుడైనా పెట్టావా?

నాలుగో వారంలో మా ఇంటికి చుట్టాల పిల్లలు వచ్చారు. కుడుతుందేమోనని నాకు ఒకటే టెన్షన్. గూడు పీకెయ్యడానికి చెయ్యి రాలేదు. రాణి బయటికెళ్లిన సమయం చూసి కిటికీ మూసేశాను. రెండు రోజులే కదా, పిల్లలు వెళ్లాక తెరుస్తాను అనుకున్నాను. తిరిగొచ్చి గాజుకి కొట్టుకుంది. టప్, టప్ అని, చీకటి పడేదాకా.

ఆ రాత్రి సామాన్ల గదిలోంచి గీరుతున్న చప్పుడు. ఎండుటాకుని గోరుతో గీరినట్టు. ఆగడం, మళ్లీ గీరడం. ఎలుకేమో అనుకుని పడుకున్నాను. రెండో రాత్రికి చప్పుడు లేదు. కందిరీగ పిల్లలు ఆకలేస్తే దవడలతో గది గోడని గీరుతాయని, అదే వాటి పిలుపని, చాలా ఏళ్ల తర్వాత చదివాను. చదివిన రోజు అన్నం సయించలేదు.

అధ్యక్షులవారు చీటీ పంపారు. సరే, నివారణ. గూడు దగ్గర్లో ఉంటే ఊపొద్దు, పొగ పెట్టొద్దు, తెలిసినవాళ్లని పిలవండి. కందిరీగల తుట్టెని కదిపినట్టు అని మనవాళ్లు ఊరికే అనలేదు. వెస్పా మాండరీనియా లాంటివి వదిలే వాసనే మిగతావాటికి హెచ్చరిక, అన్నీ కట్టగట్టుకుని వస్తాయి. తేనెటీగ ముల్లు ఒంట్లో ఇరుక్కుపోతుంది, దీనిది ఇరుక్కోదు, మళ్లీ మళ్లీ కుడుతుంది. ఆ ముల్లు గుడ్లు పెట్టే గొట్టమే మారి వచ్చింది కాబట్టి మగవి కుట్టలేవు. చాలా చోట్ల కుట్టినా, ఒక్క కాటుకే ఊపిరాడకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. నేను కందిరీగల వకీలుని కాను. సొంత నేల దాటి వెళ్తే నష్టం నిజమే. 2004లో ఫ్రాన్స్‌లో కనబడిన వెస్పా వెలుటినా యూరప్‌లో ఎన్నో దేశాలకి పాకి తేనెటీగల్ని పీడిస్తోంది. అక్కడ గూళ్లు తియ్యాల్సిందే.

చీటీ మళ్లీ వచ్చింది. అయిపోయింది, ఒక్క నిమిషం. ఈ అగ్గిపెట్టెలో ఉన్నది ఆ గూడే. పదిహేడు గదులు. ముందు వరుస నుంచి చేతులు మారనివ్వండి. నొక్కకండి, కాగితం. పైన పట్టీలు లెక్కపెట్టొచ్చు, వెలుతురులో పట్టుకుంటే ఒక్కొక్కటీ వేరుగా తెలుస్తుంది. లోపలికి చూస్తే కొన్ని గదుల గోడల మీద గీతలు కనబడతాయి.

చూశాక నాకు తిరిగి ఇచ్చెయ్యండి.